కీళ్ళవాతపు ప్రతిరక్షకాలు – సంహారక కణాల పని

గత విద్యాసంవత్సరంలో మా జీవశాస్త్ర తరగతిలో రోగనిరోధక వ్యవస్థను గూర్చిన పాఠం జరుగుతున్న రోజున, ధర్మవరం నుండి వచ్చే ఒక విద్యార్థిని మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చి మా బల్లపై ఉంచినది. అది వాళ్ళ అమ్మీ రక్తపరీక్ష చీటీ. అందులో "ఆర్.ఎ. ఫాక్టర్ – పాజిటివ్" అని ఉన్నది. ఆ తల్లి చాలా ఏళ్ళుగా పట్టుమగ్గం పని చేస్తున్న మనిషి. ఇటీవల తెల్లవారి లేచినప్పుడు ఆమె వేళ్ళు మడవడానికి రావడం లేదట. తెగిన పడుగుపోగును ముడివేయడానికి ఎండ ఎక్కేవరకు ఆగవలసి వస్తున్నదట. విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: "సార్, ప్రతిరక్షకాలు శత్రువును పట్టి ఇస్తే కణాలు దానిని చంపుతాయని మీరు చెప్పినారు. మా అమ్మీ ఒంట్లో ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉన్నాయని డాక్టరు అన్నారు. అయితే ఆ కణాలు ఇప్పుడు ఎక్కువ చంపుతున్నట్లా, తక్కువ చంపుతున్నట్లా?"

ఆనాడు ఆ ప్రశ్నకు మేము సరియైన సమాధానం చెప్పలేకపోయినాము. మరునాడు ఇంకా రెండు చీటీలు వచ్చినవి. ఒకటి పెనుకొండ విద్యార్థి తెచ్చిన వాళ్ళ అవ్వది. రెండవది హిందూపురం విద్యార్థి తెచ్చిన వాళ్ళ మేనమామది. మూడింటిలోను అదే మాట, "పాజిటివ్". ముగ్గురికీ ఒకే జబ్బు ఉన్నట్లేనా అన్నది రెండవ ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకు మేము చదివి, చర్చించుకొని కూర్చుకొన్న సమాధానమే ఈ వ్యాసం.

ముందుగా పేర్ల సంగతి. ఇళ్ళలో కీళ్ళవాతమనీ, గఠియా అనీ అంటాము. యునానీ గ్రంథాలలో వజఉల్ మఫాసిల్ అనే మాట కలదు. దానికి కీళ్ళనొప్పి అనియే అర్థం. ఆయుర్వేదంలో మాధవ నిదానం ఆమవాతానికి ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించినది. ఈ పాత పేర్లన్నీ కీళ్ళకు వచ్చే అనేక బాధలను కలిపి చెప్పేవి. నేటి వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పిలిచే వ్యాధి వాటిలో ఒకటి మాత్రమే. వయసు మీరినవారిలో మోకాలి మృదులాస్థి అరిగిపోవడం వేరు, ఇది వేరు. ఇది సాధారణంగా చేతివేళ్ళ కణుపులు, మణికట్లు, కాలివేళ్ళ మొదళ్ళు వంటి చిన్న కీళ్ళను, అదికూడ రెండు వైపులా, పట్టుకొంటుంది. ఉదయం లేచిన తరువాత గంటసేపో అంతకు మించియో కీళ్ళు బిగుసుకొని ఉండడం దీని ముఖ్య లక్షణం. పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీ సమీపాన బల్లభ్‌గఢ్ గ్రామీణ ప్రాంతంలో జరిగి 1993లో ప్రచురితమైన సర్వేలో పెద్దవారిలో 0.75 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. అనగా వేయిమందిలో ఏడెనిమిదిమంది. స్వల్పమే అనిపించవచ్చును. కాని కండెలు చుట్టే చేతికి, నాడె విసిరే చేతికి, పోగు అతికే వేలికి వచ్చినప్పుడు అది ఒక ఇంటి తిండికి సంబంధించిన విషయమవుతుంది.

ఇక ప్రతిరక్షకమంటే ఏమిటో చూడాలి. మన రక్తంలో అధికంగా ఉండే ప్రతిరక్షకాన్ని ఐ.జి.జి. అంటారు. దాని ఆకారం కమ్మరి పట్టకారు వంటిది. ముందు రెండు దవడలు, వెనుక ఒక పిడి. దవడలు శత్రువును పట్టుకొంటాయి. పిడి శత్రువు కోసం కాదు, కమ్మరి చేతి కోసం. ఈ రెండు భాగాలూ వేరువేరు పనులు చేస్తాయని తెలియడానికి బొప్పాయి పాలు తోడ్పడినవని చెబితే మా విద్యార్థులు నమ్మలేదు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాడ్నీ పోర్టర్ బొప్పాయి పాలలోని పపెయిన్ అనే ఎంజైముతో ప్రతిరక్షకాన్ని ముక్కలు చేసి, పట్టుకొనే ముక్కలు రెండు, పట్టుకొనని ముక్క ఒకటి వస్తున్నవని 1959లో ప్రకటించినాడు. ఆ కృషికి ఆయనకు, అమెరికాకు చెందిన జెరాల్డ్ ఎడెల్మన్‌కు 1972లో నోబెల్ బహుమతి లభించినది. పట్టుకొనని ఆ మూడవ ముక్కయే మనం పిడి అంటున్నది. ఈ వ్యాసంలోని కథ యావత్తు ఆ పిడి చుట్టూనే తిరుగుతుంది.

పిడిని పట్టే కమ్మరులు పలువురు. వారిలో మన ప్రశ్నకు దగ్గరివి సహజ సంహారక కణాలు. ఉర్దూ మాధ్యమంలో చదివిన మా విద్యార్థులు వెంటనే "ఖాతిల్ ఖలియా" అన్నారు. ఆ మాట మాకు కూడ నచ్చినది. రక్తంలోని లింఫోసైట్లలో ఇవి సుమారు 5 నుండి 15 శాతం వరకు ఉంటాయి. 1975 ప్రాంతంలో స్వీడన్‌లోను అమెరికాలోను వీటిని ప్రత్యేక జాతిగా గుర్తించినారు. ఇవి రెండు విధాల చంపుతాయి. మొదటి విధానంలో ప్రతిరక్షకాల సాయం అక్కరలేదు. ఎదుటి కణం తన స్వంత గుర్తింపు చిహ్నాలను పోగొట్టుకొన్నదా, వైరస్ సోకి కష్టంలో ఉన్నదా అని తడిమి చూసి అవి స్వయంగా నిర్ణయం తీసుకొంటాయి. రెండవ విధానానికి ప్రతిరక్షకం కావాలి. సంహారక కణం ఉపరితలంపై సి.డి.16 అనే గ్రాహకం ఉంటుంది. అది ఐ.జి.జి. పిడిని పట్టుకొంటుంది. ఒక పిడి కాదు, పక్కపక్కన అనేక పిడులు చేతికి తగిలినప్పుడు కణం మేల్కొని, తనలోని చిన్న సంచులను శత్రుకణం వైపు కుమ్మరిస్తుంది. వాటిలోని పెర్ఫోరిన్ అనే మాంసకృత్తు పొరకు రంధ్రాలు చేస్తుంది. ఆ దారిని గ్రాన్‌జైములు లోపలికి వెళ్ళి, ఆ కణం తనను తానే ముగించుకొనేటట్లు చేస్తాయి. ప్రతిరక్షకంపై ఆధారపడిన ఈ సంహారాన్ని స్వీడన్‌కు చెందిన ఎర్నా మొల్లర్ 1965లో మొదటగా వర్ణించినారు.

ఇప్పుడు రోగి రక్తంలోని "ఆర్.ఎ. ఫాక్టర్" దగ్గరకు రావచ్చును. అది కూడ ఒక ప్రతిరక్షకమే. అయితే దాని దవడలు పట్టుకొనేది సూక్ష్మజీవిని కాదు, మరొక ప్రతిరక్షకపు పిడిని! కమ్మరి చేయి పెట్టవలసిన చోట ఇంకెవరో పట్టుకొని నిలబడినట్లు. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే మిగిలినదంతా సులభం.

దీనిని కనుగొన్న తీరు చిత్రమైనది. 1937లో నార్వే దేశపు శాస్త్రజ్ఞుడు ఎరిక్ వాలర్ ఆస్లోలో ఒక మామూలు రక్తపరీక్ష చేస్తున్నాడు. ఆ పరీక్షలో గొర్రె ఎర్రకణాలకు కుందేలు ప్రతిరక్షకాలను పూసి, వాటికి కాంప్లిమెంటు అనే రక్తంలోని సంహారక మాంసకృత్తుల సముదాయాన్ని కలుపుతారు. కాంప్లిమెంటు కూడ పిడి దగ్గరనే పట్టుకొని కణాన్ని పగులగొడుతుంది. కణాలు పగిలితే గొట్టంలోని ద్రవం తేటగా ఎర్రబడుతుంది. కీళ్ళవాతం గల ఒక రోగి సీరంతో చేసినప్పుడు మాత్రం కణాలు పగులలేదు. ఒకదానికొకటి అతుక్కొని గుంపులు కట్టినవి. పరీక్ష చెడిపోయినదని గొట్టాన్ని కడిగివేయడం సులభం. ఆయన అట్లా చేయక, ఆ సీరంలోనే ఏదో ఒక అంశం ఉన్నదని వెంటపడి 1940లో ప్రకటించినాడు. 1948లో న్యూయార్కులో హారీ రోస్, ఆయన సహచరులు స్వతంత్రంగా ఇదే విషయాన్ని కనుగొన్నారు. ఆ పరీక్షకు వాలర్–రోస్ పరీక్ష అనే పేరు స్థిరపడినది. గొర్రె కణాలకు బదులు లేటెక్సు రేణువులను వాడే పరీక్ష 1956లో వచ్చినది. మా విద్యార్థిని ప్రశ్నకు ఇక్కడనే సగం సమాధానం కలదు. ఈ ప్రతిరక్షకం లోకానికి మొట్టమొదట కనబడినదే, జరగవలసిన సంహారం జరగకపోవడం వలన!

కాంప్లిమెంటు విషయంలో జరిగినది సంహారక కణాల విషయంలో కూడ జరుగుతుందా? 1970 దశకంలో పలు ప్రయోగశాలలు ఈ ప్రశ్నను పట్టుకొన్నవి. ప్రయోగం ఇట్లు ఉంటుంది. కోడి ఎర్రకణాలలోనికి రేడియోధార్మిక క్రోమియం-51ను ఎక్కిస్తారు. వాటికి కుందేలు ప్రతిరక్షకాలను పూస్తారు. మనిషి లింఫోసైట్లను కలిపి కొన్ని గంటలు వెచ్చగా ఉంచుతారు. చచ్చిన కణం నుండి క్రోమియం బయటికి కారుతుంది. కారిన మోతాదును లెక్కిస్తే ఎంత సంహారం జరిగినదో తెలుస్తుంది. ఇక రెండవ గొట్టంలో అన్నీ అవే ఉంచి, కీళ్ళవాత రోగి సీరంను అదనంగా కలుపుతారు. అనేక సందర్భాలలో రెండవ గొట్టంలో సంహారం తగ్గినది.

తగ్గడానికి రెండు కారణాలు కనిపిస్తున్నవి. మొదటిది పరిమాణం. ఆర్.ఎ. ఫాక్టరులో ఎక్కువ భాగం ఐ.జి.ఎం. అనే జాతికి చెందినది. ఐ.జి.జి. అణుభారం సుమారు 1,50,000 కాగా ఐ.జి.ఎం. అణుభారం 9,00,000 పైమాటే. అయిదు పట్టకారులను పిడుల దగ్గర కలిపి కట్టినట్లుండి, పది దవడలతో ఉంటుంది. సూక్ష్మంగా చూస్తే, అది పిడిని పట్టే చోటు, సి.డి.16 పట్టే చోటు పూర్తిగా ఒకటి కావు. ఒకటి పిడి మధ్యన, మరొకటి పిడి మొదట దవడల దగ్గర. కాని ఇరుకు తలుపులో ఏనుగు నిలబడితే గడియ ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న రాదు గదా! పైగా ఐ.జి.ఎం. పిడిని పట్టే శక్తి సి.డి.16కు లేదు. కావున ఈ ఏనుగు తాను అడ్డుపడడమే గాని, బదులుగా తన పిడిని అందించదు.

రెండవ కారణం మరికొంత లోతైనది. ఆర్.ఎ. ఫాక్టరు రక్తంలోని మామూలు ఐ.జి.జి.లను గుత్తులు గుత్తులుగా కూడగట్టుతుంది. ఈ గుత్తులు శత్రుకణంపై కాక ద్రవంలో తేలుతూ ఉంటాయి. సంహారక కణం చేతికి ఇవి తగిలితే, శత్రువు లేకుండానే దాని చేతులు నిండిపోతాయి. అంతేకాక, గట్టిగా ఉత్తేజితమైన సంహారక కణం తన సి.డి.16 గ్రాహకాలను ఉపరితలం నుండి కత్తిరించి వదిలివేస్తుంది. ఆ తరువాత నిజమైన శత్రువు ఎదురైనా పట్టుకొనే చేయి తగ్గి ఉంటుంది.

అయితే అన్ని ప్రయోగశాలల ఫలితాలు ఒకేవిధంగా లేవు. కొందరికి సంహారం తగ్గినట్లు, కొందరికి మార్పు లేనట్లు, కొన్ని పరిస్థితులలో పెరిగినట్లు కూడ కనబడినది. దీనిని చూచి శాస్త్రం మాట నిలకడలేనిదని అనుకోరాదు. ఆర్.ఎ. ఫాక్టరులో ఐ.జి.జి. జాతికి చెందినవి కూడ కొన్ని ఉంటాయి. అవి పిడిపై కూర్చున్నప్పుడు తమ పిడిని తాము అందించగలవు. అప్పుడు అడ్డుపడడానికి బదులు తోడ్పడడమే జరగవచ్చును. ఎంత మోతాదు, ఏది ముందు కలిపినారు, ఏ జాతి అన్నదానిపై ఫలితం మారుతుంది. "ఎక్కువా, తక్కువా" అని ఒక్కమాటలో చెప్పమనే పరీక్షాపత్రపు అలవాటు ఇక్కడ పనికిరాదని మేము కూడ ఈ సందర్భంలోనే గ్రహించినాము.

ఇంతవరకు రక్తం మాట. కీలు లోపలి సంగతి వేరు. కీలు సంచిలోని ద్రవంలో దొరికే సహజ సంహారక కణాలు రక్తంలోని వాటివలె ఉండవు. వాటిలో సి.డి.16 తక్కువగా గల ఉపజాతి అధికం. వాటి సంచులలో పెర్ఫోరిన్ కూడ తక్కువే. అవి చంపడంకంటె కేకలు వేయడంలో నేర్పు గలవి; అనగా గామా ఇంటర్‌ఫెరాన్ వంటి సంకేత పదార్థాలను విడుదల చేసి పొరుగు కణాలను రెచ్చగొడతాయి. అంతటితో ఆగక, ఎముకను తినే కణాల పుట్టుకకు కావలసిన సంకేతాలను కూడ ఇవి ఇస్తున్నట్లు పరిశోధకులు చూపినారు. కీలు అంచున ఎముకకు గంట్లు పడడానికి కారణాలలో ఇది ఒకటి. ఇక ఆర్.ఎ. ఫాక్టరు కట్టిన గుత్తులు అక్కడి మాక్రోఫేజి కణాలకు తగిలినప్పుడు, అవి టి.ఎన్.ఎఫ్. అనే వాపు పుట్టించే పదార్థాన్ని కుమ్మరిస్తాయి. న్యూట్రోఫిల్ కణాల అవస్థ మరీ విచారకరమైనది. మృదులాస్థికి అంటుకొన్న గుత్తులను మింగబోయి మింగలేక, సూక్ష్మజీవిపై ప్రయోగించవలసిన ఎంజైములను మృదులాస్థిపైననే వదలివేస్తాయి. ఒకే ప్రతిరక్షకం ఒకచోట చేతిని అడ్డగిస్తున్నది, మరొకచోట అగ్గి రాజేస్తున్నది.

ఆర్.ఎ. ఫాక్టరు ఒక్కటే ఈ వ్యాధిలోని ప్రతిరక్షకం కాదు. రెండవది, నేడు ఇంకా ముఖ్యమైనది, సిట్రులిన్ గల మాంసకృత్తులపై పనిచేసేది. పరీక్ష చీటీలలో దీనిని యాంటీ-సి.సి.పి. అని వ్రాస్తారు. సిట్రులిన్ అనే ఎమైనో ఆమ్లాన్ని జపాను శాస్త్రజ్ఞులు 1914లో పుచ్చకాయ రసం నుండి వేరుచేసినారు. దాని పేరు కూడ పుచ్చకాయ లాటిన్ నామం నుండి వచ్చినదే. అంతమాత్రాన పుచ్చకాయ తింటే కీళ్ళవాతం రాదు; ఈ మాట తరగతిలో రెండుసార్లు చెప్పవలసి వచ్చినది! తినే సిట్రులిన్ వేరు. మన మాంసకృత్తులలోని ఆర్జినిన్‌ను శరీరంలోని ఒక ఎంజైము అక్కడికక్కడనే సిట్రులిన్‌గా మార్చివేయడం వేరు. ఆ మార్పు జరిగిన మాంసకృత్తును కొందరి దేహం పరాయిదిగా భావించి ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. ఆ ప్రతిరక్షకాల గుర్తింపుకు సిట్రులినే మూలమని 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చినారు. పొగాకు పొగకు, ఈ ప్రతిరక్షకాలకు దగ్గరి సంబంధం కలదు. ముఖ్యంగా కొన్ని జన్యులక్షణాలు గలవారు పొగ త్రాగితే ప్రమాదం పలురెట్లు పెరుగుతుంది. బీడీ మన వైపు తక్కువేమీ కాదు.

మన ప్రశ్నకు అతి దగ్గరి పరిశోధన 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ నుండి వెలువడినది. పెర్ఫోరిన్ రంధ్రం చేసినప్పుడు ఆ రంధ్రం గుండా కాల్షియం కణంలోనికి దూసుకొని వస్తుంది. సిట్రులిన్ చేసే ఎంజైము కాల్షియంతో పనిచేసేది. అందువలన దాడికి గురైన న్యూట్రోఫిల్‌లో మాంసకృత్తులు విపరీతంగా సిట్రులిన్‌గా మారిపోతాయి. కాంప్లిమెంటు చేసే రంధ్రం వలన కూడ అదే జరుగుతుంది. అనగా సంహార క్రియయే ప్రతిరక్షకాలకు కొత్త మేత సమకూర్చుతున్నది. ఆ ప్రతిరక్షకాలు గుత్తులు కడతాయి, గుత్తులు కాంప్లిమెంటును పిలుస్తాయి, కాంప్లిమెంటు మళ్ళీ రంధ్రాలు చేస్తుంది. గానుగెద్దు తిరిగినట్లు ఈ చక్రం తిరుగుతూ ఉంటుంది. పైగా ఇది నొప్పి పుట్టకముందే మొదలవుతుంది. డచ్చి రక్తదాతల నిల్వ సీరాలను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ ప్రతిరక్షకాలు వ్యాధి లక్షణాలకు ఎన్నో ఏళ్ళ ముందే రక్తంలో కనబడుతున్నవి.

పిడి సంగతి ఇంత తెలిసిన తరువాత, చికిత్సలో దాని ప్రభావం ఏమిటని అడుగవచ్చును. రిటుక్సిమాబ్ అనే ఔషధం స్వయంగా ఒక ప్రతిరక్షకం. ప్రతిరక్షకాలను తయారుచేసే వంశానికి చెందిన బి-కణాలను పట్టి, పిడిని సంహారక కణానికి అందించి చంపించడం దాని పని. కీళ్ళవాతానికి వాడుటకు 2006లో దీనికి అనుమతి లభించినది. ఆర్.ఎ. ఫాక్టరు దీని పిడిని కూడ పట్టుకొని, గాజుగొట్టంలో దీని పనికి అడ్డుతగులుతున్నట్లు ప్రయోగాలు చూపినవి. ఈ లెక్కన ఆర్.ఎ. ఫాక్టరు గల రోగులకు ఈ మందు పనిచేయకూడదు. కాని ఆసుపత్రి అనుభవం ఇందుకు విరుద్ధం. ఫాక్టరు ఉన్నవారికే ఇది మెరుగుగా పనిచేస్తున్నది. ఎందుకనగా అటువంటివారిలో వ్యాధికి బి-కణాలే ముఖ్య ఆధారం. ఆ ఆధారాన్ని తీసివేస్తే కలిగే మేలు, పిడి దగ్గరి అడ్డంకి వలన కలిగే నష్టాన్ని మించిపోతున్నది. గాజుగొట్టంలో చూచినదానిని మనిషికి అన్వయించేటప్పుడు ఎంత జాగ్రత్త కావలెనో దీనినిబట్టి తెలుస్తుంది. మరొకవైపు, టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించే మందులలో సెర్టోలిజుమాబ్ అనేది పిడి లేకుండా తయారైనది. ఆర్.ఎ. ఫాక్టరు మోతాదు చాలా ఎక్కువగా ఉన్నవారిలో పిడిగల మందుల ప్రభావం కొంత తగ్గినా, పిడిలేని ఈ మందు ప్రభావం నిలబడుతున్నదని ఇటీవలి కొన్ని అధ్యయనాలు సూచిస్తున్నవి.

ఇక మూడు చీటీల మాట. కీళ్ళవాత రోగులలో ఆర్.ఎ. ఫాక్టరు నూటికి డెబ్బై ఎనబై మందికి ఉంటుంది; మిగిలినవారికి ఉండదు. లేనంతమాత్రాన జబ్బు లేదని కాదు. ఆరోగ్యవంతులలో కూడ కొద్దిమందికి ఉంటుంది. వయసు పెరిగినకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. క్షయ, కుష్ఠు, హెపటైటిస్-సి, గుండె కవాటాల ఇన్ఫెక్షను వంటి దీర్ఘకాలిక వ్యాధులలో కూడ ఇది కనబడుతుంది. నిజానికి ఇన్ఫెక్షను సమయంలో ఇది తాత్కాలికంగా పుట్టి, చిన్న చిన్న గుత్తులను పెద్దవి చేసి శరీరం ఊడ్చివేయడానికి తోడ్పడుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పుట్టుకతో ఇది శత్రువు కాదు. వెళ్ళవలసిన వేళకు వెళ్ళకపోవడమే చిక్కు.

పెనుకొండ అవ్వకు డెబ్బై దాటినవి. నొప్పి మోకాళ్ళలోనే, మెట్లెక్కితే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. చేతివేళ్ళు బాగున్నవి. ఫాక్టరు మోతాదు హద్దుకు కొంచెం పైన. ఆమెది అరుగుదల అని వైద్యులు నిర్ణయించినారు. హిందూపురం మేనమామకు కీళ్ళనొప్పులకంటె ముందు రెండు నెలల దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం ఉన్నవి. కఫ పరీక్షలో క్షయ తేలినది. ఆయనను కీళ్ళవాత రోగిగా భావించి స్టెరాయిడ్ మాత్రలు మ్రింగించి ఉంటే ఏమయ్యేదో తలచుకొంటేనే భయం వేస్తుంది. 2005–06లో చికున్‌గున్యా జ్వరం రాయలసీమను ఊపివేసినప్పుడు కూడ ఇటువంటి గందరగోళమే ఉండినదని పెద్దలు చెబుతారు. ఆ జ్వరం తగ్గినా నెలల తరబడి చేతికీళ్ళ వాపు నిలిచి కీళ్ళవాతాన్ని తలపించేది. ధర్మవరం తల్లి విషయం మాత్రం వేరు. రెండు చేతుల కణుపులలో వాపు, ఉదయపు బిగువు, ఫాక్టరు హెచ్చు మోతాదు; తరువాత చేయించిన యాంటీ-సి.సి.పి. కూడ పాజిటివ్. ఒకే మాట వ్రాసిన మూడు కాగితాలు, మూడు వేరు కథలు. చీటీని మనిషితో కలిపి చదవాలి.

ఆమెకు వైద్యులు వ్రాసిన ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దాని వెనుక ఒక తెలుగువాని పేరు ఉన్నదని చెప్పినప్పుడు తరగతి అంతా నిటారుగా కూర్చున్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించినారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. ఆపై దానికి అడ్డుతగిలే ఎమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను రూపొందించినది. పిల్లల రక్త క్యాన్సరులో ఎమినోప్టెరిన్ ఫలితాలు 1948లో వెలువడినవి. ఆ ఏడే ఆయన కన్నుమూసినారు. 1951లోనే ఎమినోప్టెరిన్‌ను కీళ్ళవాతానికి ప్రయోగించి చూచినారు. అయినను మెథోట్రెక్సేట్‌కు ఈ వ్యాధి విషయంలో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది 1988లో. నేడు ప్రపంచమంతటా ఈ వ్యాధి చికిత్సకు మూలస్తంభం ఇదే. దానితోపాటు వ్రాసే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడ ఆయన బృందపు కృషి ఫలమే.

ఈ మందు విషయంలో ఒక మాట మా పాఠకులు తప్పక గుర్తుంచుకోవాలి. కీళ్ళవాతానికి దీనిని వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవాలి. పొరపాటున ప్రతిదినం వేసుకొంటే రక్తకణాల ఉత్పత్తి దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. గర్భిణులు, గర్భం ధరించే ఆలోచనలో ఉన్నవారు వాడరాదు. నియమప్రకారం రక్తపరీక్ష, కాలేయ పరీక్ష చేయించుకోవాలి. ఈ రోగులకు ఇన్ఫెక్షన్ల బెడద కూడ మామూలువారికంటె ఎక్కువ. వ్యాధి వలన రోగనిరోధక శక్తి దారితప్పి ఉండడం కొంత కారణం, మందులు కొంత కారణం. టి.ఎన్.ఎఫ్. మందులు మొదలుపెట్టే ముందు దాగి ఉన్న క్షయ కోసం వెదకడం అందుకే. దుకాణంలో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ మాత్ర రెండు రోజులలో నొప్పి మాయం చేయవచ్చును. కాని ఎముక అంచున పడుతున్న గంట్లను కప్పిపుచ్చి కాలం హరిస్తుంది. మొదటి నెలలలో సరియైన చికిత్స మొదలైతే వేళ్ళు వంకర పోకుండా ఆపగల అవకాశం ఎక్కువ.

చివరకు మా విద్యార్థినికి మేము ఇచ్చిన సమాధానం ఇది. మీ అమ్మీ రక్తంలోని సంహారక కణాలు, ప్రతిరక్షకపు పిడిని పట్టి చంపే పనిని బహుశా మునుపటికంటె తక్కువగానే చేస్తున్నవి. పిడులపై వేరొకరి చేతులున్నవి గనుక. ప్రతిరక్షకం అక్కరలేని మొదటి విధానానికి ఈ అడ్డంకి నేరుగా తగులదు. అయినప్పటికీ చాలామంది రోగులలో అది కూడ తగ్గి ఉన్నట్లు అధ్యయనాలలో కనబడినది. కీలులో మాత్రం చంపడం తక్కువై కేకలు ఎక్కువైనవి. వాపు, నొప్పి ఆ కేకల వలననే. ఆమె శ్రద్ధగా విని, "అయితే సార్, మందు చంపే కణాలను ఆపడానికి కాదు, కేకలు ఆపడానికి" అన్నది. మా వ్యాసమంతటిలోను ఇంత పొదుపుగా చెప్పిన వాక్యం మరొకటి లేదు.

ఆ తల్లికి ఇప్పుడు ఉదయపు బిగువు పావుగంటకు తగ్గినదట. మగ్గం దగ్గర గోడకు వేలాడే క్యాలెండరులో ప్రతి శుక్రవారం చుట్టూ కూతురు ఎర్ర సిరాతో సున్న చుట్టి ఉంచినది. జుమ్మా నమాజు తరువాత మాత్ర. మిగిలిన ఆరు రోజులు మెథోట్రెక్సేట్ డబ్బాను కూతురే తన పుస్తకాల పెట్టెలో దాచి ఉంచుతున్నది.